మా బావగారూ, నా సైకిలూ

మా బావగారు పోయారన్న కబురు నాకు పూండి రైల్వే గేటు దగ్గర అందింది. గేటు వేసి ఉంది. సైకిలు దిగి హ్యాండిలు పట్టుకుని నిలబడ్డాను. బరువుతో తొక్కే సాధన కోసం వెనక క్యారియరు మీద గుడారం మూట, పక్క సంచుల్లో బియ్యం, గిన్నె, దుప్పటి. మావారు ఫోన్ చేసి, "అన్నయ్య ఎలిపోనాడు, ఇంటికొచ్చీ" అని మాత్రం అన్నారు. ఉదయం కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారని తర్వాత తెలిసింది. గూడ్సు బండి ఎంతకీ తరగడం లేదు. దాని పెట్టెల్ని చూస్తూ నిలబడితే నాకు ఏడుపు రాలేదు. పోతూ పోతూ కూడా ఈయన నా ప్రయాణానికి అడ్డం పడ్డారు కదా అనిపించింది.

పరామర్శకు వచ్చిన వాళ్ళందరూ ఆయన మంచివారన్నారు. ఊరికి చేసిన పనులు చెప్పుకున్నారు. అవన్నీ నిజమే. సర్పంచిగా ఉన్నప్పుడు వేయించిన సిమెంటు రోడ్డు మీదే ఈరోజుకీ మా ఊరి జీడిపిక్కల లోడు పలాస వెళుతోంది. కానీ నా వరకు ఆయన మంచిగా ఉన్నారని నేను రాయలేను. రోజూ దేవుడికి దీపం పెట్టే చేత్తో అబద్ధం రాయడం నాకు ఇష్టం లేదు.

మా ఇళ్ళలో తమ్ముడి భార్య భర్త అన్నగారి ఎదుట నిలబడదు, నేరుగా మాట్లాడదు. ఆయనా ఆమెతో మాట్లాడరు. చెప్పవలసింది ఉంటే మధ్యలో ఇంకొకరు ఉండాలి. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ మా ఇద్దరికీ మధ్య మా తోడికోడలు, అంటే ఆయన భార్య ఉండేది. నేను ఆవిడను అక్క అంటాను. అక్క వంటింట్లో ఉంటే బావగారు వాకిట్లో కొబ్బరిచెట్టుతో మాట్లాడేవారు. ఆ మాటలు నాకని చెట్టుకు తప్ప అందరికీ తెలుసు. నేను గుమ్మం లోపలి నుంచి పెయ్యదూడకు జవాబు చెప్పేదాన్ని. ఇన్నేళ్ళూ మా మాటలు ఇలాగే నడిచాయి. ఎక్కువ భాగం తగాదాలే.

చివరి తగాదా నా సైకిలు గురించి.

రెండేళ్ళ కిందట మా ఊళ్ళో అందరికీ రక్తపరీక్షలు చేశారు. కిడ్నీల జబ్బు ఇంటింటా ఉన్న మా ఉద్దానంలో క్రియాటిన్ అన్న మాట బడి మొహం చూడని వాళ్ళకూ తెలుసు. మావారికి కొన్నాళ్ళుగా కాళ్ళు వాస్తున్నాయి. కాగితం వచ్చే వరకూ నాకు అన్నం సహించలేదు. ఆయనకు ఏమీ లేదని వస్తే నా ఒంటి కష్టంతో పూరీ వచ్చి నిన్ను చూసుకుంటానని జగన్నాథుడికి మొక్కుకున్నాను. ఏమీ లేదనే వచ్చింది. అదే రోజు, అదే ఇంటికి, బావగారి కాగితం కూడా వచ్చింది. ఆయనకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి.

నడిచి వెళ్ళాలని నాకు ఉండేది. మడమల నొప్పి వల్ల పూండి స్టేషను దాకా నడవడమే గగనమైంది. అప్పుడు మా భజన బృందంలోకి కొత్తగా వచ్చిన బడి టీచరమ్మ ఒక ఉపాయం చెప్పింది. ఆమె చాలా దూరాలు సైకిలు మీద తిరిగిన పిల్ల. నడవలేని మడమ తొక్కగలదు పిన్నీ, ఎనిమిది మందిమి ఉన్నాం, గుడారాలు కట్టుకుని పోదాం అంది. కాశీబుగ్గలో పాత గేర్ల సైకిలు ఒకటి కొనుక్కున్నాను. చిన్నప్పుడు హైస్కూలుకు సైకిలు మీదే వెళ్ళిన దాన్ని కనుక తొక్కడం గుర్తుంది. ఒళ్ళు మాత్రం మర్చిపోయింది. మొదటి వారం పూండి గేటు చేరేలోపు మూడు చోట్ల దిగాను.

టీచరమ్మ మమ్మల్ని బడిపిల్లల్లాగే చూసింది. ముందు ఒళ్ళు సిద్ధం కావాలి, తర్వాత బరువు, ఆ తర్వాతే దూరం అనేది. కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా లేవమనేది. పొద్దున చోడి అంబలి, అంటే రాగి జావ, తాగమనేది. వారానికి రెండు రాత్రులు మంచం మాని నేల మీద పలచటి పరుపు మీద పడుకోమనేది, గుడారంలో తుంటి నొప్పి పుడితే మర్నాడు తొక్కలేరని. మావారు నవ్వి నా పక్కనే చాప వేసుకున్నారు.

ఇదంతా బావగారు వాకిట్లో కూర్చుని చూశారు. వారానికి మూడు రోజులు ఆటోలో పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకుని వచ్చేవారు. ఆ రోజుల్లో కూడా ఇస్త్రీ చేసిన తెల్ల పంచే కట్టేవారు, జేబులో దువ్వెన పెట్టుకునేవారు. ఆటో ఎక్కించడానికి ఎవరు చెయ్యి అందించినా విదిలించేవారు. నీళ్ళు అక్క ఒక చిన్న స్టీలు గ్లాసుతో కొలిచి ఇచ్చేది. అంతకు మించితే ఊపిరి అందదు. దాహం ఆగకపోతే ఒక మంచుముక్క బుగ్గలో పెట్టుకుని, అది కరిగేదాకా చెట్టుతో మాట్లాడేవారు.

"ఒరే కొబ్బరిసెట్టా, ఇన్నావేటి. ఇంటి కోడలు సైకిలెక్కి పూరీ ఎల్తాదట. రోడ్డుపక్కన గుడారాలేసుకుని తొంగుంటాదట. సర్కసోల్లు వచ్చినారని జనం టిక్కెట్లు అడుగుతారు."

నేను లోపలి నుంచి దూడతో అన్నాను. "పెయ్యమ్మా, సర్కసోల్లు పిలిత్తేనే ఎల్తారు. నన్ను పిలిసినోడు పూరీలో ఉన్నాడు."

"పిలిసినోడికి ఆ మడమల సంగతి తెల్దనుకుంతాను, సెట్టా."

అక్కడితో ఆగితే నవ్వుకుని ఊరుకునేదాన్ని. ఆయన రామమందిరం దగ్గరకు వెళ్ళి మా బృందంలో ఆడవాళ్ళ భర్తలను కూర్చోబెట్టుకున్నారు. మీ ఆడోల్లని రోడ్డు మీద తొంగోబెట్టి మీరు ఇంట్లో తొంగుంటారా అని అడిగారట. సర్పంచిగా చేసినవారి మాట. మర్నాటికి ఇద్దరు మానేశారు. ఒకామె నా దగ్గరకు వచ్చి కొన్న టార్చిలైటు ఇచ్చేసి, ఏడుపు ఆపుకుంటూ వెళ్ళిపోయింది. ఆ టార్చిలైటు చూసినప్పుడల్లా నాకు ఆయన మీద మండేది.

ఆ తర్వాత తోట గేటు మూశారు. మా ఇంటి నుంచి తారురోడ్డుకు వెళ్ళే సిమెంటు బాట ఆయన వాటా తోటలోంచి పోతుంది. ఒక పొద్దున చూస్తే గేటుకు తాళం ఉంది. తాళంచెవి ఆయన మొలతాడుకు ఉంది. మిగిలింది సముద్రం వైపు సరుగుడు తోటల వెంట ఇసక దారి. మోటారు సైకిళ్ళే కూరుకుపోయే దారి అది. మావారు వెళ్ళి అన్నను అడగబోతే నేను వద్దన్నాను. అడిగితే ఆయన గెలిచినట్టు.

మొదటి రోజులు సైకిలును తోసుకుంటూ పోయాను. ఇసకలో తోసే సైకిలు మొండి గేదె కంటే బరువు. చెప్పుల్లో ఇసక, చీర కుచ్చిళ్ళలో ఇసక. ఒకరోజు పడ్డాను. లేచేసరికి మోచేయి గీరుకుపోయింది. ఇంటికి వస్తే ఆయన ఆ మోచేతిని చూసి చెట్టుతో, ఇసక మెత్తగానే ఉంటాది కదా, ఎలాగ తగిలిందో అన్నారు.  పళ్ళు కొరుక్కుని పూజ చేసుకున్నాను. మంత్రం మధ్యలో ఆయన మొహం వచ్చింది.

తర్వాత తర్వాత ఇసక మీద ఎలా పోవాలో కాళ్ళకు తెలిసింది. వెనక్కి జరిగి కూర్చోవాలి. హ్యాండిలును బలవంతంగా తిప్పకూడదు. ఏమైనా తొక్కడం ఆపకూడదు. కార్తీకం వచ్చేసరికి ఆ దారంతా దిగకుండా పోగలిగాను. మూలపేట వైపు సముద్రపు ఒడ్డున ఒక రాత్రి గుడారాలు వేసి చూద్దామని టీచరమ్మ అందరినీ తీసుకువెళ్ళింది. పోర్టు లారీలు పక్కనుంచి దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. మోయవలసిన బరువంతా మోస్తూ కూడా నేనే అందరికంటే ముందు ఉన్నాను. టీచరమ్మ నా పక్కకు వచ్చి, మీకింత బలం ఎక్కడిది పిన్నీ అంది. మా బావగారి దయ అన్నాను. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

ఈ మాట చెబితే కొందరు, ఆయన నిన్ను గట్టిపరచడానికే గేటు మూసి ఉంటారు, పెద్దల మనసు అలాంటిది అంటున్నారు. నేను అక్కను అడిగాను. "నువ్వు మానేత్తావనే మూసినారు. ఇంకేటనుకున్నావు," అంది. అదే నిజం. ఆయన నన్ను ఆపాలనే చూశారు. దాన్ని ప్రేమ అంటే ఆయనకూ కోపం వస్తుంది. నా కాళ్ళకు వచ్చిన బలం మాత్రం ఆయన వేసిన తాళం వల్లే వచ్చింది. అంత వరకు నేను ఆయనకు నమస్కారం పెట్టుకుంటాను.

ఎందుకు అంత పట్టుదల అని నాకు చాలాకాలం అర్థం కాలేదు. పరువు కోసం అనుకున్నాను. ఒక సాయంత్రం ఆయన చెట్టుతో కాస్త మెల్లగా అన్నారు. నేను గుమ్మంలో లేననుకున్నారేమో.

"ఒకే ఇంటికి ఒకే దినం రెండు కాయితాలొచ్చినాయి. తమ్ముడికి బాగుందని ఆయమ్మకి మొక్కు. రోజూ నా కల్ల ముందునుంచి ఆ మొక్కు సైకిలెక్కి ఎల్తంది. మరి నానేటి సూడాల."

 మర్నాడు కూడా నేను సైకిలు తీశాను. తీయకుండా ఎలా ఉండను. మొక్కు దేవుడిది. కానీ ఆయన కుర్చీ వైపు చూడకుండా వెళ్ళాను. ఆయన మామూలుగానే సర్కసు మాట అన్నారు.

కార్తీక శుద్ధ ఏకాదశి నాడు నేను పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టను. అమ్మ దగ్గర నేర్చుకున్న ఉపవాసం అది. ఆ రోజు టెక్కలి దాకా వెళ్ళి రావలసిన దూరప్రయాణం పడింది. టీచరమ్మకు చెబితే వద్దంటుందని చెప్పలేదు. వెళ్ళేటప్పుడు బాగానే ఉంది. తిరిగి వచ్చేటప్పుడు ఎండ ముదిరింది. మిగిలిన వాళ్ళు పూండిలో పనులున్నాయని ఆగిపోయారు. మా ఊరి మలుపు దగ్గర జీడితోటల మధ్య రోడ్డు ఊగడం మొదలుపెట్టింది. సైకిలు ఎప్పుడు పడిందో తెలియదు. కళ్ళు తెరిచేసరికి ఆకుల మీద ఉన్నాను, ఎదురుగా ఒక ఆటో ఆగి ఉంది. బావగారు పలాస నుంచి వస్తున్నారు. చేతికి దూది, ప్లాస్టరు అలాగే ఉన్నాయి.

ఆయన నా సైకిలుకున్న నీళ్ళ సీసా తీసి చూశారు. నిండుగా ఉంది. చుట్టూ చెట్లే ఉన్నాయి, ఆటో అబ్బాయి ఉన్నాడు. ఎవరితోనైనా చెప్పి ఉండవచ్చు. ఆయన నావైపు తిరిగారు.

"నీల్లు తాగు."

నేను కూడా అప్పుడు మొదటిసారి ఆయన మొహం చూసి మాట్లాడాను. ఈరోజు ఏకాదశి బావగారూ అన్నాను.

"నాకు దాహమేసి సచ్చిపోతన్నాను. తాగడానికి నేదు. నీకాడ దేవుడు సీసాడు నీల్లు ఉంచినాడు, ఉండీ తాగవు. ఇది బత్తి కాదమ్మా, పొగరు. ఈ ఊల్లో ఉండి ఎండలో నీల్లు మానీడమేటి. రేపు నువ్వూ నా పక్క మంచమ్మీద తొంగుంటావు. పూరీ ఎల్తావో మానేత్తావో నీ ఇట్టం. తాగు."

నేను తాగాను. ఆయన అక్కడే నిలబడి చూశారు. నేను గుటక వేసినప్పుడల్లా ఆయన గొంతు కూడా కదిలింది. సీసా ఖాళీ అయ్యేదాకా కదల్లేదు. తర్వాత సైకిలును ఆటో మీద కట్టించారు. 

ఆ రోజుతో మా మధ్య అంతా మారిపోయిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. మర్నాడు పొద్దున చెట్టుకు, నిన్న రోడ్డు మీద ఎవరో జీడిమామిడి పండులాగ రాలిపోయి ఉన్నారని చెప్పారు. గేటు తెరవలేదు. రామమందిరం దగ్గర అన్న మాట వెనక్కి తీసుకోలేదు. నేనూ టార్చిలైటు మరచిపోలేదు. ఏకాదశి నాడు మాత్రం నీళ్ళు తాగుతున్నాను. మా అమ్మకు, దేవుడికి దండం పెట్టుకుని తాగుతున్నాను.

ఆయన పోయినప్పుడు మా ప్రయాణానికి వారం కూడా లేదు. మాకు మైల. గుడి గుమ్మం తొక్కకూడదు, ఇంట్లో దీపం కూడా పెట్టకూడదు. టీచరమ్మ సెలవులు మారవు. మీరు వెళ్ళండి అని నేనే చెప్పాను. వాళ్ళు వెళ్ళిన పొద్దున నేను పెరట్లో చావింటి అంట్లు తోముతున్నాను. ఎంత కోపంగా తోమానంటే అక్క వచ్చి, గిన్నెలు సిల్లు పడతాయి, మెల్లగా తోము అంది.

పదో రోజున అందరం నీళ్ళు వదిలాం. మా వైపు ఆడవాళ్ళు కూడా వదులుతారు. మిగిలిన వాళ్ళు దోసిలితో వదిలారు. నా వంతు వచ్చినప్పుడు పక్కనున్న చెంబు తీసుకుని మొత్తం వంచేశాను. 

కర్మలు అయ్యాక, ఆయన మాట విని మానేసిన ఆ ఇద్దరూ నా దగ్గరకు వచ్చారు. అడ్డంపెట్టినోడు ఎలిపోనాడు కదా ఒదినా, మనం ముగ్గురం ఎల్దాం అంది ఒకామె. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఆయనను తిట్టుకునే హక్కు నాది, వీళ్ళది కాదు అనిపించింది. అయినా టార్చిలైటు తిరిగి ఇచ్చేశాను. పురోహితుడిని అడిగితే మాసికం దాటాక వెళ్ళవచ్చన్నాడు. వాళ్ళిద్దరికీ ఒళ్ళు సిద్ధం కావడానికి కొన్ని వారాలు పట్టింది. ఇసక దారిలోనే తిప్పాను. గేటు తాళంచెవి ఇప్పుడు అక్క దగ్గర ఉంది. ఆయన మూసింది నాను తియ్యను అంది. నేనూ అడగలేదు.

కానీ వెళతానని చెప్పకుండా వెళ్ళలేను కదా. చెప్పిన రోజు అక్క, "నీకు మొగుడున్నాడు. మొక్కు తీర్సుకో," అంది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. వంటింట్లో ఇద్దరం పక్కపక్కన కూర్చుని కూర తరిగినా మాట లేదు. ఇంతకాలం బావగారికీ నాకూ మధ్య మాట మోసిన మనిషి. ఇప్పుడు మా ఇద్దరికీ మధ్య ఎవరూ లేరు. ఆవిడ మనసు కష్టపెట్టి పూరీ వెళితే ఆ దేవుడికి ఏ మొహం చూపించను? మానేస్తే ఇచ్చిన మాట ఏమవుతుంది? నాలుగు రోజులు ఇదే నలిగాను.

ఈ నాలుగు మాటలూ సోంపేట దాటాక ఒక జీడితోట నీడలో కూర్చుని రాస్తున్నాను. మిగిలిన ఇద్దరూ గంజి కాస్తున్నారు.

ఈ ఉదయం బయలుదేరేటప్పుడు మావారు సంచులు కట్టి, కళ్ళు తుడుచుకుంటూ పక్కకు తప్పుకున్నారు. అక్క గది తలుపు వేసి ఉంది. భర్త పోయిన మనిషి ప్రయాణానికి ఎదురు రాకూడదని మా వైపు పట్టింపు. నేనూ అలాంటివి పాటించే మనిషినే. తలుపు దగ్గరకు వెళ్ళి, అక్కా ఒక్కసారి బయటికి రా అన్నాను. లోపలి నుంచి, ముండమోసినదాన్ని ఎదురు రమ్మంతావేటి, బుద్ధుందా నీకు అంది. ఉంది, రా అన్నాను. మళ్ళీ పిలవలేదు. సైకిలు స్టాండు తీశాను.

అక్క వెనక తలుపులోంచి చుట్టూ తిరిగి వచ్చింది. నా ఎదురుగా రాలేదు. పక్కనుంచి వచ్చి, నా మొహం చూడకుండా వంగి, వెనక టైరును బొటనవేలితో నొక్కింది.

"ఇందులో గాలి సాలదు. ఇంత బరువేసుకుని ఇలాగే ఎల్తావేటి," అంది.

నేను పంపు తెచ్చాను. అక్క నేల మీద చతికిలబడి, పంపు మూతిని టైరుకు రెండు చేతులతో అదిమి పట్టుకుంది. బొట్టులేని ఆ నుదురు చక్రం పుల్లలకు తగిలేంత దగ్గరగా వంచింది. నేను నిలబడి గాలి కొట్టాను. ఇంకా, ఇంకా కొట్టు అంటూ ఆవిడ ఆ టైరును వదలకుండా పట్టుకుని కూర్చుంది.